చెయ్యి ఒక ఊళ్ళో, కత్తి ఇంకో ఊళ్ళో: దూరం నుంచి ఆపరేషన్ ఎలా సాధ్యం?

రోబోటిక్ సర్జరీ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్ళని పలకరిస్తే చాలామంది ఒకే మాట చెబుతారు: "రోబోయే చేసిందట, డాక్టర్ గారు పక్కనే ఉండి చూసుకున్నారట." ఇందులో రెండు పొరపాట్లున్నాయి. రోబో తనంతట తాను ఏమీ చెయ్యదు. డాక్టర్ గారేమో పక్కన లేరు. కోత, కుట్టు జరుగుతున్నంతసేపూ ఆయన థియేటర్‌లో ఓ వారగా, కన్సోల్ ముందు, అంటే రోబోని నడిపే బల్ల ముందు కూర్చుని, అందులోకి తల వంచి చూస్తూ ఉన్నారు. రోగిని ముట్టుకోవాలంటే ఆయన లేచి నడవాలి.

డావిన్సీ అనే రోబో మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎక్కువగా వినిపించే పేరు. దాని కన్సోల్‌లో తల ఆనించే చోట ఒక సెన్సర్ ఉంటుంది. సర్జన్ తల వెనక్కి తీసిన మరుక్షణం రోగి కడుపులో ఉన్న పనిముట్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తుమ్మొచ్చినా, నర్సు పిలిస్తే తిరిగి చూసినా అంతే. ఆయన కళ్ళు ఆ తెర మీద ఉంటేనే ఆ చేతులకు ప్రాణం.

అంటే రోబోటిక్ సర్జరీ ఇప్పటికే దూరం నుంచి చేసే సర్జరీ. ఆ దూరం నాలుగు గజాలు, అంతే తేడా. మధ్యలో ఉన్నది ఒక కేబుల్. ఆ కేబుల్‌ని నాలుగు గజాల నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు సాగదీస్తే ఏమవుతుంది? టెలిసర్జరీ అనే విషయమంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. దీనికి "5జీ వచ్చేసింది కదా, ఇక ఇబ్బందేముంది" అని జవాబు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. అది సగం జవాబు కూడా కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కేబుల్ గుండా ఏం పోతోందో చూడాలి.

కన్సోల్ దగ్గర సర్జన్ బొటనవేలు, మరో వేలు రెండు చిన్న పట్టీల్లో దూర్చి ఉంటాయి. మణికట్టు ఎటు తిరిగింది, వేళ్ళు ఎంత దగ్గరయ్యాయి అన్నది అక్కడి సెన్సర్లు సెకనుకు వందలసార్లు, కొన్ని యంత్రాల్లో వెయ్యిసార్లకు పైగా కొలుస్తాయి. ఆ కొలతలు అంకెలుగా మారి కంప్యూటర్‌కి వెళ్తాయి. కంప్యూటర్ వాటిని ఉన్నదున్నట్టు రోబోకి పంపదు. ముందు చిన్నవి చేస్తుంది. సర్జన్ చెయ్యి మూడు సెంటీమీటర్లు జరిగితే లోపలి పనిముట్టు ఒక్క సెంటీమీటరే జరిగేలా పెట్టుకోవచ్చు. ఎంత నిలకడైన చేతికైనా సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు సన్నటి వణుకు ఉంటుంది. దాన్ని కూడా వడగట్టేస్తుంది. చేతులు చాచీ చాచీ అంచుకు చేరితే కాలి కింద క్లచ్ పెడల్ నొక్కాలి. రోబో ఆగుతుంది, సర్జన్ చేతుల్ని వెనక్కి తెచ్చుకుని మళ్ళీ మొదలుపెడతారు. కంప్యూటర్ మౌస్ బల్ల చివరికి వస్తే ఎత్తి మధ్యలో పెట్టుకుంటాం కదా, అదే పని.

ఇంకో మేలు కూడా ఉంది. మామూలు కీహోల్ సర్జరీలో పొడవాటి పనిముట్టు పొట్ట గోడలోని చిన్న రంధ్రం గుండా దూరుతుంది. తెడ్డు లాగా, బయట చెయ్యి కుడికి కదిలితే లోపల కొస ఎడమకు పోతుంది. సర్జన్లు ఏళ్ళ తరబడి సాధన చేసి ఈ తిరకాసుకు అలవాటు పడతారు. రోబోలో ఆ లెక్క కంప్యూటరే తిప్పేస్తుంది. చెయ్యి ఎటైతే కత్తీ అటే. కొసన మణికట్టు లాంటి కీలు కూడా ఉండబట్టి ఇరుకు చోట్ల కుట్లు వెయ్యడం తేలికవుతుంది.

కాబట్టి కేబుల్‌లో అటు వెళ్ళేది చేతుల కదలిక. అది కాసిన్ని అంకెలే, తేలిక సరుకు. ఇటు వచ్చేది వీడియో. అదీ రెండు కళ్ళకూ వేర్వేరుగా, లోతు తెలిసేలా. బరువంతా దీనిదే.

ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఈ యంత్రం ఆలోచన పుట్టిందే దూరం కోసం. 1940ల చివర్లో షికాగో దగ్గరి ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోయెర్ట్జ్ అనే ఇంజనీరు, రేడియేషన్ వెదజల్లే పదార్థాల్ని మందపాటి గోడ అవతల నుంచి పట్టుకునే చేతులు తయారుచేశాడు. గోడకి ఇవతల మనిషి చెయ్యి, అవతల ఉక్కు చెయ్యి. 1990ల మొదట్లో అమెరికా సైన్యం ఇదే ఆలోచనని యుద్ధరంగానికి మళ్ళించింది. గాయపడిన సైనికుడు ముందు వరుసలో, సర్జన్ వెనక సురక్షితమైన చోట. కాలిఫోర్నియాలో ఎస్‌ఆర్‌ఐ సంస్థ ఆ ప్రయోగాలు చేసింది. ఆ పరిజ్ఞానం తీసుకునే 1995లో ఇన్‌ట్యూటివ్ సర్జికల్ కంపెనీ పుట్టింది, 2000లో డావిన్సీకి అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అప్పటికి సర్జన్, రోగి ఒకే గదిలోకి వచ్చేశారు. దూరం కోసం పుట్టిన యంత్రం దగ్గరతనంలో స్థిరపడింది. దాన్ని మళ్ళీ దూరం పంపాలన్న ప్రయత్నం 2001లో జరిగింది.

ఆ ఏడాది సెప్టెంబర్ 7న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కన్సోల్ ముందు కూర్చున్నాడు. రోగి 68 ఏళ్ళ ఆవిడ, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఆసుపత్రిలో. మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం. ఫ్రాన్స్ టెలికామ్ ఈ ఒక్క పని కోసం ప్రత్యేకంగా ఫైబర్ లైను కేటాయించింది. జియస్ అనే రోబోతో 54 నిమిషాల్లో ఆవిడ గాల్ బ్లాడర్ తీసేశారు. రెండు రోజుల్లో ఆవిడ ఇంటికెళ్ళింది. 1927లో ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు ఈ ఆపరేషన్‌కి పెట్టారు. నాలుగు రోజుల తర్వాత అదే న్యూయార్క్‌లో జంట టవర్లు కూలాయి. ప్రపంచం చూపంతా అటు మళ్ళింది.

ఈ ఆపరేషన్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే అంకె 155. సర్జన్ చెయ్యి కదిపిన తర్వాత ఆ కదలిక ఫలితం తన తెర మీద కనబడటానికి పట్టిన సమయం, మిల్లీసెకన్లలో. అంటే సెకనులో దాదాపు ఆరో వంతు.

ఈ ఆలస్యాన్నే లేటెన్సీ అంటారు. అది సర్జన్‌ని ఎంత ఇబ్బంది పెడుతుందో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక ప్రయోగం చెయ్యొచ్చు. నేను చేసి చూశాను. రెండు ఫోన్ల మధ్య వీడియో కాల్ కలపండి. ఒక ఫోన్ కెమెరా కాగితం మీదకు పెట్టండి. కాగితం మీద ముందే పెద్దగా 'అ' రాసి ఉంచండి. ఇప్పుడు కాగితం కేసి చూడకుండా, రెండో ఫోన్ తెరలో చూస్తూ ఆ అక్షరం మీద దిద్దండి. చిన్నప్పుడు పలక మీద దిద్దించినట్టే. మొదటి వంపు దగ్గరే పెన్ను గీత దాటిపోతుంది. తెరలో ఇంకా వంపు రాలేదు, చెయ్యి మాత్రం దాటేసింది. వెనక్కి లాగుతాం, ఈసారి ఎక్కువ లాగేస్తాం. అక్షరం కాస్తా రంపం పళ్ళలా తయారవుతుంది. రెండోసారికి తెలివొస్తుంది: కొంచెం గీయడం, ఆగడం, తెరలో పెన్ను వచ్చి చేరేదాకా చూడటం, మళ్ళీ కొంచెం గీయడం. అక్షరం కుదురుతుంది గానీ, పట్టే సమయం నాలుగింతలవుతుంది.

ఇదేమీ నా చేతకానితనం కాదు. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీలో విలియం ఫెరెల్, థామస్ షెరిడన్ దూరం నుంచి నడిపే చేతుల మీద పరిశోధించినప్పుడు, ఆలస్యం పెరిగితే మనుషులు ఎవరూ చెప్పకుండానే ఈ "కదుపు, ఆగు, చూడు" పద్ధతిలోకి వచ్చేస్తారని గమనించారు. బల్ల మీద దిమ్మెలు పేర్చేటప్పుడు ఆగి చూస్తే ఏ నష్టమూ లేదు. రక్తనాళం చిట్లి కెమెరా ముందంతా ఎర్రగా నిండుతున్నప్పుడు ఆగి చూడటానికి వీల్లేదు. తేడా అక్కడ ఉంది.

సర్జన్ల మీద చేసిన అధ్యయనాలు మొత్తం మీద చెబుతున్నది ఏమిటంటే, ఆలస్యం 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే చెయ్యి తిరిగినవాళ్ళు సర్దుకుపోగలరు. 300 దగ్గర పని నెమ్మదిస్తుంది, తప్పులు పెరుగుతాయి. 500 దాటితే కుట్టు వెయ్యడమే కష్టం. సాధారణ టీవీ ఉపగ్రహాలు ఉండే 36 వేల కిలోమీటర్ల ఎత్తుకి సిగ్నల్ వెళ్ళి రావాలంటే, ఆదేశానికీ బొమ్మకీ కలిపి అర సెకను దారిలోనే అయిపోతుంది. అందుకే టెలిసర్జరీకి ఫైబరే ఆధారం. చంద్రుడి మీద ఆపరేషన్లు, అంగారకుడి మీద ఆపరేషన్లు అనే మాటల్ని ఇక్కడే పక్కన పెట్టేయొచ్చు. అంగారకుడికి సిగ్నల్ వెళ్ళడానికే మూడు నిమిషాలు మొదలుకుని ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది.

మరి దూరం పెరిగితే ఆలస్యం పెరుగుతుంది కదా, దూరమే కదా సమస్య? చాలామంది, నాతో సహా, ఇక్కడే పప్పులో కాలేస్తాం.

ఫైబర్‌లో వెలుతురు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఒక మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ 300 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్ళి రావడానికి మూడు మిల్లీసెకన్లు. మూడంటే మూడు. అదే సమయంలో ఆపరేషన్ కెమెరా ఏం చేస్తోంది? సెకనుకు 60 ఫ్రేములు తీస్తుంటే ఒక్కో ఫ్రేముకి 16 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. అంటే ఒక్క ఫ్రేము తయారయ్యే లోపు సిగ్నల్ ఆదిలాబాద్ ఐదుసార్లు వెళ్ళి రావచ్చు.

ఆలస్యం ఎక్కువగా పోగుపడేది మన గదుల్లోని పెట్టెల్లో. కెమెరా బొమ్మ తియ్యాలి. పచ్చి వీడియో లైనులో పట్టదు కాబట్టి దాన్ని కుదించాలి. కుదించే యంత్రం ముందు ఫ్రేముకీ వెనక ఫ్రేముకీ తేడా చూస్తూ కూర్చుంటే అక్కడ కొంత పోతుంది. దారిలో రౌటర్లు. అవతల మళ్ళీ విప్పాలి, తెర మీద చూపించాలి. లిండ్‌బర్గ్ ఆపరేషన్‌లోని 155 మిల్లీసెకన్లలో దాదాపు 70 ఈ కుదించడానికీ విప్పడానికే సరిపోయాయి.

దీనికి నేను చూసిన అన్నిటికంటే గట్టి రుజువు కెనడాలో ఉంది. 2003 ఫిబ్రవరిలో మెహ్రాన్ అన్వరీ అనే సర్జన్ ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్‌లో కూర్చుని, 400 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న నార్త్ బే అనే చిన్న పట్టణంలోని ఆసుపత్రికి ఆపరేషన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. వాడింది అదే జియస్ రోబో. అక్కడ ఆలస్యం దాదాపు 140 మిల్లీసెకన్లు. లిండ్‌బర్గ్‌లో సిగ్నల్ పోను రాను 14 వేల కిలోమీటర్లకు పైగా తిరిగితే 155. ఇక్కడ పోను రాను 800 కిలోమీటర్లు తిరిగితే 140. దూరం పదిహేడో వంతుకి పడిపోయింది, ఆలస్యం మాత్రం ఇంచుమించు అక్కడే ఉంది. 800 కిలోమీటర్ల ఫైబర్ ప్రయాణానికి న్యాయంగా పట్టాల్సింది నాలుగు మిల్లీసెకన్లే. మిగతాదంతా పెట్టెల్లో, రౌటర్లలో పోయింది.

మన దేశంలో 2025 జనవరిలో సుధీర్ శ్రీవాస్తవ బృందం గురుగ్రామ్ నుంచి జైపూర్‌లోని రోగికి గుండె ఆపరేషన్‌లో ఒక భాగం చేసింది. దూరం 286 కిలోమీటర్లు, వాడింది మన దేశంలో తయారైన ఎస్‌ఎస్‌ఐ మంత్ర రోబో. ఆలస్యం 35 నుంచి 40 మిల్లీసెకన్లని ఆ కంపెనీ చెప్పింది. 140 నుంచి 40కి దిగడానికి కారణం వెలుతురు వేగం పెరగడం కాదు కదా. వీడియోని కుదించే చిప్పులు మెరుగయ్యాయి, నెట్‌వర్క్ పరికరాలు వేగం పుంజుకున్నాయి.

5జీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2019లో చైనాలో హైనాన్ దీవిలోని సాన్యా నుంచి 3,000 కిలోమీటర్ల దూరంలో బీజింగ్‌లో ఉన్న రోగి మెదడులో ఎలక్ట్రోడ్ అమర్చినప్పుడు 5జీ పేరు మారుమోగింది. 5జీ అనేది టవర్ నుంచి పరికరం దాకా ఉండే ఆఖరి ముక్క. మిగతా దారంతా ఫైబరే. కదలకుండా ఒకేచోట ఉండే ఆసుపత్రికి ఆ ఆఖరి ముక్క కూడా ఫైబర్ వేసుకోవచ్చు. ఫైబర్ లైనుకి తోడుగా, అది తెగితే పనికొచ్చే రెండో దారిగా 5జీ బాగుంటుంది. అంతకుమించి దానికి కిరీటం పెట్టనక్కర్లేదు.

ఆలస్యం కంటే పెద్ద చిక్కు

సగటు ఆలస్యం ఎంత అన్నదానికంటే, అది నిలకడగా ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. మీ ఊరి ఆర్టీసీ బస్సు రోజూ సరిగ్గా పది నిమిషాలు లేటుగా వస్తుందనుకోండి. వారంలో మీరు అలవాటు పడతారు, పది నిమిషాలు ఆగి బయల్దేరతారు. అదే బస్సు ఓ రోజు వేళకి, ఓ రోజు పావుగంట లేటు, ఓ రోజు ముందే వచ్చి వెళ్ళిపోతే? సగటు లేటు ఇంకా తక్కువే కావచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఏ పనీ పెట్టుకోలేరు. సర్జన్ మెదడు కూడా అంతే. 150 మిల్లీసెకన్లు స్థిరంగా ఉంటే కాసేపటికి చెయ్యి ఆ తాళానికి కుదురుకుంటుంది. 60, 200, 90 అని మారుతూ ఉంటే ఎప్పటికీ కుదురుకోదు.

అందుకే ఇంజనీర్లు పైకి వింతగా కనిపించే పని ఒకటి చేస్తారు. ముందొచ్చిన డేటాని కావాలనే కాస్త ఆపి, అన్నిటినీ సమానంగా లేటు చేసి ఇస్తారు. వేగాన్ని కొంత వదులుకుని నిలకడ కొనుక్కోవడం. ఇంకో సంగతి, దారిలో ఒక ఆదేశం పోయిందనుకోండి, దాన్ని మళ్ళీ పంపమని అడగకపోవడమే మంచిది. మనం వాట్సాప్‌లో ఫొటో పంపితే ప్రతి ముక్కా చేరాలి, పోయినదాన్ని మళ్ళీ తెప్పించుకోవాలి. కత్తి విషయంలో పావు సెకను కిందటి ఆదేశం ఇప్పుడు వస్తే అపాయం. చెయ్యి ఈ క్షణాన ఎక్కడుందో చెప్పే తాజా కబురు వెనకే వస్తోంది కదా, పాతది పోతే పోనీ.

స్పర్శ సంగతి ఇంతకంటే మొండిది. ఇప్పటికీ చాలా రోబోలలో సర్జన్ చేతికి లోపలి కండ ఎంత మెత్తగా ఉందో, దారం ఎంత బిగిసిందో తెలియదు. కళ్ళతో చూసి అంచనా కడతారు: కండ ఎంత సొట్టపడింది, దారం ఎంత సాగింది అని. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ కొత్త రకంలో ఆ స్పర్శ కొంత తెచ్చారు. మరి దూరం నుంచి కూడా ఆ స్పర్శ పంపొచ్చు కదా? ఇక్కడ బాత్రూంలో గీజర్ నీళ్ళు గుర్తు చేసుకోవాలి. వేడి నీళ్ళ కుళాయి తిప్పుతాం, చల్లటి నీళ్ళే వస్తుంటాయి. ఇంకా తిప్పుతాం. పైపులో ఉన్నదంతా పోయాక ఒక్కసారిగా కాలుతుంది. గబుక్కున వెనక్కి తిప్పుతాం, కాసేపటికి వణుకు పుడుతుంది. ఇటు అటు ఊగుతూనే ఉంటాం. ఆలస్యంగా వచ్చే తాకిడికి చెయ్యి ఎదురు తోయడం, ఆ తోపు మళ్ళీ ఆలస్యంగా అవతలికి చేరడం కూడా ఇలాగే ఊగిసలాటకి దారితీస్తుంది. బొమ్మ ఆలస్యమైతే సర్జన్ ఆగి చూడగలరు. చేతిని తోసే బలం ఆలస్యమైతే యంత్రమే అదిరిపోతుంది. దీన్ని అదుపులో పెట్టే గణితం 1980ల చివరి నుంచీ ఉంది గానీ, దానికి మూల్యంగా స్పర్శ మొద్దుబారుతుంది. అందుకే దూరపు ఆపరేషన్లు ఇప్పటిదాకా ఎక్కువగా కళ్ళ మీదే నడిచాయి.

లైను తెగితే

మన దగ్గర ఫైబర్ ఎందుకు తెగుతుందో ఎవరికైనా తెలుసు. మంచినీళ్ళ పైపు కోసం జేసీబీ తవ్వుతుంది, ఆ వీధి వీధంతా నెట్ పోతుంది. సర్జరీకి ఇలాంటి లైను ఒక్కటి చాలదు, రెండుండాలని అందరూ ఒప్పుకుంటారు. అయితే రెండు కంపెనీల కనెక్షన్లు తీసుకున్నంత మాత్రాన రెండు లైన్లు ఉన్నట్టు కాదు. ఆ రెండూ ఒకే గుంతలో, ఒకే స్తంభాల మీదుగా వస్తుంటే జేసీబీకి అవి ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వేశారు. ఇంటింటికీ తక్కువ ఖర్చుతో నెట్ ఇవ్వడానికి అది తెలివైన పనే. కానీ 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి ఎలా పడకేశాయో చూసినవాళ్ళకి, స్తంభం మీది తీగని నమ్ముకుని కడుపు కోయడమంటే ఏమిటో వివరించనక్కర్లేదు.

లైను తెగగానే రోబో ఏం చెయ్యాలి? రెండు వైపులా యంత్రాలు క్షణక్షణం "ఉన్నావా, ఉన్నాను" అని పలకరించుకుంటూ ఉంటాయి. పలుకు ఆగితే చేతులు ఉన్నచోటే బిగుసుకుంటాయి. చాలాసార్లు అదే క్షేమం. కానీ రోగి ఊపిరి తీస్తూనే ఉంటాడు, లోపల అవయవాలు కదులుతూనే ఉంటాయి, సూది సగం దిగి ఉండొచ్చు, పట్టుకున్న రక్తనాళం ఇంకా కట్టి ఉండకపోవచ్చు. అప్పుడు రోగి పక్కన నిలబడ్డ సర్జన్ పనిముట్లు బయటికి తీసి, రోబోని వెనక్కి జరిపి, అవసరమైతే పొట్ట తెరిచి పని పూర్తిచెయ్యాలి. మత్తు డాక్టర్ ఎలాగూ అక్కడే ఉంటారు. రంధ్రాలు వేసి, పనిముట్లు దూరే గొట్టాలు (పోర్టులు) పెట్టేదీ, పనిముట్లు మార్చేదీ అక్కడివాళ్ళే.

తీగని వేరేవాళ్ళు తాకే ప్రమాదం కూడా ఊహ కాదు. 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ సొంత రావెన్ రోబో మీద తామే దాడి చేసి చూశారు. ఆదేశాల్ని ఆపడం, ఆలస్యం చెయ్యడం, వరస మార్చడం వాళ్ళకి సాధ్యమైంది. మాటిమాటికీ ఎమర్జెన్సీ స్టాప్ పడేలా చేసి రోబోని అసలు వాడలేకుండా చేయగలిగారు కూడా. రహస్య సంకేతాల్లోకి మార్చి పంపితే చాలా దాడులు ఆగుతాయి. ఆ పని చెయ్యని వ్యవస్థని ఏ ఆసుపత్రీ ముట్టుకోకూడదు.

ఇంతకీ ఎవరి కోసం?

పక్కన సర్జన్ ఎలాగూ ఉండాలంటే ఇక దూరం నుంచి చెయ్యడం దేనికి? ఈ ప్రశ్న అడిగినవాళ్ళని పాతకాలపువాళ్ళు అనకూడదు. లిండ్‌బర్గ్ తర్వాత ఇరవై ఏళ్ళు ఈ రంగం పెద్దగా కదలకపోవడానికి ఇదీ ఒక కారణమే. 2003లో జియస్ తయారుచేసిన కంపెనీని ఇన్‌ట్యూటివ్ కలిపేసుకుంది, జియస్ ఆగిపోయింది. లైన్లు ఖరీదైనవి. పైగా రెండు చోట్లా సర్జన్లు కావాలి.

నా మట్టుకు నాకు దీనికి మంచి జవాబు నార్త్ బేలోనే దొరికింది. అన్వరీ అక్కడ 21 ఆపరేషన్లు చేశాడు. ఎసిడిటీ పైకి ఎగదన్నకుండా కడుపు పైభాగాన్ని చుట్టి కుట్టేవి, పెద్దపేగు ఆపరేషన్లు, హెర్నియాలు. ఒక్కదాన్లోనూ పొట్ట తెరవాల్సిన అవసరం రాలేదు. నార్త్ బేలో సర్జన్లు లేక కాదు ఆయన చేసింది. ఉన్నారు, మంచివాళ్ళే. కాకపోతే కష్టమైన కీహోల్ ఆపరేషన్లు వాళ్ళు తక్కువగా చేశారు. తమ రోగి, తమ థియేటర్, తమ నర్సులు. దానికి తోడు ఆ పనిలో వందల కేసులు చేసిన మనిషి చెయ్యి, తీగ గుండా వచ్చింది. రోగి నాలుగు వందల కిలోమీటర్లు పోనక్కర్లేదు. అక్కడి సర్జన్ చూస్తూ నేర్చుకోవచ్చు.

మన దగ్గర దీన్ని పోల్చుకోవడం తేలికే. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది, సర్జన్లున్నారు. అయినా కేసు కాస్త చిక్కుగా ఉందంటే "హైదరాబాద్ తీసుకెళ్ళండి" అన్న మాట వినబడుతుంది. ఆ మాటతో ఒక కుటుంబం రాత్రికి రాత్రి అంబులెన్స్ మాట్లాడుకోవాలి, డబ్బు పుట్టించుకోవాలి, లాడ్జిలో దిగాలి. ఆ సర్జన్ చేతికి హైదరాబాద్ నుంచి ఇంకో చెయ్యి తోడైతే ఈ ప్రయాణాలు కొన్నైనా తప్పుతాయి. సర్జన్ పోస్టు ఖాళీగా ఉంచి, దాని బదులు రోబోని పెడతామంటే మాత్రం అది మోసం. లైను తెగిన రోజున అక్కడ రోగి ఒక్కడే మిగులుతాడు.

గుండె స్టెంట్ల విషయంలో గుజరాత్‌లో జరిగింది కూడా చెప్పుకోవాలి. 2018 డిసెంబర్‌లో తేజస్ పటేల్ గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయంలో కూర్చుని, 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్ ఆసుపత్రిలో ఉన్న ఐదుగురికి రోబోతో స్టెంట్లు వేశాడు. స్టెంట్ వెయ్యడంలో సన్నటి తీగని ముందుకు, వెనక్కి, గుండ్రంగా నడపడమే ప్రధానం, కదలికలు పొట్ట సర్జరీ కంటే తక్కువ. గుండెపోటులో ప్రతి నిమిషానికీ విలువుంటుంది. రోగిని డాక్టర్ దగ్గరికి తేవడం కంటే డాక్టర్ చేతిని రోగి దగ్గరికి పంపడం త్వరగా అయ్యే సందర్భం నిజంగా ఏదైనా ఉంటే అది ఇదే అనుకుంటాను.

ఇప్పుడు రికార్డుల పోటీ నడుస్తోంది. 2024లో రోమ్ నుంచి బీజింగ్, 2025లో అమెరికాలోని ఓర్లాండో నుంచి ఆఫ్రికాలోని అంగోలా. వేల కిలోమీటర్ల అంకెలు పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తాయి. రోగికి అక్కరకొచ్చే అంకెలు వేరే ఉన్నాయి. ఆ నెట్‌వర్క్ వందసార్లలో ఎన్నిసార్లు తడబడింది, లైను పోయినప్పుడు పక్కనున్న బృందం ఎన్ని నిమిషాల్లో పని అందుకుంది. ఇవి పత్రికల్లో కనబడవు. రావాలి.

చట్టం వైపు మన దేశం ఇంకా తడుముకుంటోంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోన్లో, వీడియోలో వైద్య సలహా ఎలా ఇవ్వాలో చెప్పాయి. దూరం నుంచి సర్జరీ చెయ్యడం మాత్రం తమ పరిధిలోకి రాదని అందులోనే స్పష్టంగా రాశారు. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మంత్ర రోబోని టెలిసర్జరీకి వాడుకోవడానికి అనుమతించింది. అది యంత్రానికి వచ్చిన అనుమతి. గురుగ్రామ్‌లో కూర్చున్న సర్జన్, జిల్లా ఆసుపత్రిలో నిలబడ్డ సర్జన్, తీగ అద్దెకిచ్చిన కంపెనీ, రోబో తయారుచేసిన కంపెనీ, ఈ నలుగురిలో పొరపాటుకి జవాబు చెప్పాల్సింది ఎవరో యంత్రం అనుమతి పత్రంతో తేలదు.

అది తేలేదాకా రోగి తరఫువాళ్ళకి మిగిలింది సంతకం పెట్టే ముందు అడగడమే. మన ఆసుపత్రుల్లో అంగీకార పత్రం చాలాసార్లు చదవనివ్వకుండానే, "ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపించి సంతకం పెట్టించేస్తారు. దూరం నుంచి ఆపరేషన్ అన్నప్పుడైనా ఆ కాగితం చేతిలోకి తీసుకుని అడగాలి. లైను పోతే మా నాన్న పక్కన నిలబడి పని పూర్తిచేసే సర్జన్ ఎవరు, ఆయన పేరు ఈ కాగితంలో ఉందా, ఇదే ఆపరేషన్ రోబో లేకుండా ఆయన ఇదివరకు ఎన్నిసార్లు చేశారు, రెండో ఫైబర్ లైను ఈ ఆసుపత్రికి ఏ రోడ్డు మీదుగా వస్తోంది.